లాగ్‌బుక్‌లో మొదటి పేజీ

ప్రశ్న: సార్, ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ కోర్సు పూర్తి చేశాను. లైసెన్సుకు కావాల్సిన బీ1 (మెకానికల్) కేటగిరీ మాడ్యూల్ పరీక్షలన్నీ పాసయ్యాను. ఎనిమిది నెలల్లో నలభైకి పైగా దరఖాస్తులు పెట్టాను. ఇద్దరే పిలిచారు, ఇద్దరూ అనుభవం ఉందా అనే అడిగారు. అనుభవం లేనిదే లైసెన్సు రాదు, లైసెన్సు లేనిదే ఉద్యోగం లేదంటున్నారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్నట్టుంది నా పని. అప్పు చేసైనా ముందు ఎయిర్‌బస్ ఏ320 విమానం మీద ప్రత్యేక శిక్షణ, అదే టైప్ కోర్సు, చేసెయ్యమని స్నేహితులు అంటున్నారు. చేయమంటారా?
- ఒక పాఠకుడు

జవాబు: వద్దు తమ్ముడూ. ఇప్పుడు ఆ అప్పు చేయకు. టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానానికి సంతకం పెట్టే అర్హత, ఎక్కించేది లైసెన్సు మీద. ఆ లైసెన్సే ఇంకా నీ చేతికి రాలేదు. పైగా యూరప్ నిబంధనల్లో బీ1 కేటగిరీలో మొదటి టైప్ రేటింగ్ అయితే క్లాసుతో పాటు విమానం మీద ఆన్ ది జాబ్ ట్రైనింగ్ కూడా కావాలి. అవి రెండూ దరఖాస్తుకు ముందు మూడేళ్లలోపు అయి ఉండాలి. ఈలోగా లైసెన్సు రాకపోతే ఆ డబ్బంతా పోయినట్టే.

నీ దరఖాస్తులు ఒకసారి తీసి చూడు. అన్నీ ‘ఇంజినీర్’ ఉద్యోగాలకే పెట్టి ఉంటావు. విమానాన్ని విడుదల చేస్తూ సంతకం పెట్టే మనిషి కోసం వేసిన ప్రకటనలు అవి. నువ్వు వెతకాల్సింది మెకానిక్, టెక్నీషియన్, ట్రైనీ, చివరికి హెల్పర్ అయినా సరే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదే ఐకావో, లైసెన్సుకు పెట్టిన కనీస అనుభవం 4 ఏళ్లు, ఆమోదం ఉన్న శిక్షణ పూర్తి చేసినవాళ్లకు 2 ఏళ్లు. హోదా ఏదైనా ఆ కాలం నిజంగా విమానం మీద పనిచేసిందై ఉండాలి.

నన్నడిగితే మొదటి ఉద్యోగం బేస్ మెయింటెనెన్స్ హ్యాంగర్‌లో దొరికితే మంచిది. పెద్ద తనిఖీకి (చెక్‌కు) వచ్చిన విమానం వారాల తరబడి అక్కడే విప్పి ఉంటుంది, చాలామంది చేతులు కావాలి. లైన్‌లో, అంటే రెండు ప్రయాణాల మధ్య విమానాన్ని చూసేచోట, రాత్రిపూట నలుగురే ఉంటారు, తెల్లారేసరికి విమానం ఎగరాలి. ఆ టెన్షన్‌లో నీకు నేర్పాలని ఉన్నా వాళ్లకు తీరదు.

నా మొదటి ఆరు నెలలూ సీట్లు విప్పడం, ఫ్లోర్ ప్యానెళ్లు ఎత్తడంతోనే గడిచాయి. ఇంత చదివి ఇదా అని చాలా బాధపడ్డాను. ఒకరోజు గ్యాలీ (విమానంలోని వంటగది) కింద ప్యానెల్ ఎత్తాక మా సీనియర్ టార్చీ, అద్దం పట్టుకుని కింద కూర్చున్నారు. ఫ్లోర్ బీమ్ మీద ఒకచోట పెయింటు చిన్న బుడగలా లేచి ఉంది. దాన్ని నొక్కమన్నారు. పెయింటు పగిలి వేలికి తెల్లటి పొడి అంటుకుంది. అల్యూమినియం తుప్పు! గ్యాలీలోంచి కారిన నీళ్లు నెలల తరబడి అక్కడ చేరాయి. పుస్తకంలో పదిసార్లు చదివిన విషయమే, అయినా నాకు తెలిసింది ఆ రోజే. ఆ రాత్రి నేను చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లో ఏటీఏ చాప్టర్ 53 (విమాన భాగాలకు ఇచ్చిన నంబర్లలో విమానం బాడీది) కింద నా మొదటి ఎంట్రీ రాసుకున్నాను.

లాగ్‌బుక్ సంగతి గట్టిగా చెబుతాను. తేదీ, విమానం రిజిస్ట్రేషన్, ఏటీఏ చాప్టర్, టాస్క్ కార్డు నంబరు, నీ చేత్తో చేసిన పని ఏ రోజుకారోజు రాయి. ఆ వారంలోనే సూపర్‌వైజర్ సంతకం తీసుకో. తర్వాత చూద్దాంలే అని నేను మూడు నెలల ఎంట్రీలు వదిలేశాను. ఆయన ఉద్యోగం మారి వెళ్లిపోయారు. ఆ మూడు నెలలూ లెక్కలోకి రాలేదు. ఇప్పటికీ తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

చేరేముందు ఒక్కమాట అడుగు: నువ్వు లైసెన్సు కోరుకునే అథారిటీ (విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదం ఈ సంస్థకు ఉందా, ఇక్కడి పని ఆ లెక్కలోకి వస్తుందా? అనుభవం ఇస్తాం, డబ్బు కట్టమనేవాళ్ల దగ్గరికి వెళ్లకు. చేయని పనికి సంతకం పెట్టిస్తామంటే అక్కడినుంచి వెంటనే లేచి వచ్చెయ్.

ఇంటర్వ్యూలో చేతికి రెండు బోల్టులు, అవి వదులవకుండా కట్టే లాకింగ్ వైరు ఇవ్వవచ్చు. వైరు బోల్టును బిగించే వైపే లాగాలి. మెలికలు సమంగా పడాలి, కొస లోపలికి మడవాలి. ఇంట్లో ఓ చెక్కకు బోల్టులు దిగ్గొట్టుకుని రోజూ వేసి చూడు.

‘పాత బోల్టు పక్కన పెట్టి చూస్తే కొత్తది సరిగ్గా సరిపోయింది, బిగిస్తావా?’ అనీ అడుగుతారు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన ఒక బీఏసీ వన్-ఎలెవెన్ విమానం 17,000 అడుగులు దాటాక కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లిపోతే సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, ఆయన బతికారు. అద్దాన్ని పట్టి ఉంచే 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికన్నా సన్నవి. పార్ట్స్ క్యాటలాగ్‌లో నంబరు చూడకుండా, పాతదాని పక్కన పెట్టి కంటితో పోల్చి తీసుకొచ్చినవి. ఈ సంగతి మనసులో పెట్టుకుని, క్యాటలాగ్ చూశాకే బిగిస్తానని చెప్పు. చెప్పడమే కాదు, అలాగే చెయ్యి.

ప్రశ్న: ఇంగ్లీష్ మాట్లాడాలంటే తడబడతాను. మాన్యువల్స్ అన్నీ ఇంగ్లీషే కదా. ఈ రంగంలో నెగ్గుకురాగలనా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా, చెల్లీ. విమానాల మాన్యువల్స్ కోసం సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అనే పద్ధతి ఉంది. సాంకేతిక పదాలు పక్కన పెడితే దాని నిఘంటువులో సుమారు 900 మాటలే ఉంటాయి. ఒక మాటకు ఒకే అర్థం. ‘క్లోజ్’ అంటే మూయడమే, దగ్గర అనే అర్థంలో వాడరు. మన భాష ఇంగ్లీష్ కానివాళ్లం తడబడకూడదనే ఇలా చేశారు. రోజుకో టాస్క్ పైకి చదువు, వార్నింగ్‌లు మాత్రం రెండుసార్లు చదువు. షిఫ్ట్ మారేటప్పుడు చెప్పింది అర్థం కాకపోతే, ‘మళ్లీ చెప్పండి’ అని అడగడానికి మొహమాటపడకు. నేను ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను.