డ్రై నీడ్లింగ్: ఏ నొప్పి మామూలు, ఏది ప్రమాదం?

కండరాల నొప్పికి డ్రై నీడ్లింగ్ చేయించుకున్నవారు, చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవారు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఫిజియోథెరపిస్టులు, వైద్యులతో కూడిన మా బృందం ఇస్తున్న సమాధానాలివి.

ప్రశ్న: మెడ, భుజాల నొప్పికి ఫిజియోథెరపిస్టు డ్రై నీడ్లింగ్ చేద్దామంటున్నారు. మందే లేని సూది గుచ్చితే నొప్పెలా తగ్గుతుంది? ఇది ఆక్యుపంక్చరేనా?

రెండింట్లోనూ వాడే సూది ఒకటే, గుచ్చే లెక్క వేరు. ఆక్యుపంక్చర్ చైనా సంప్రదాయ వైద్యం చెప్పే మార్గాలను, బిందువులను బట్టి సాగుతుంది. డ్రై నీడ్లింగ్‌లో కండరాన్ని వేళ్లతో తడిమి, పట్టేసి ముడిలా తగిలే చోటును వెతికి అక్కడే గుచ్చుతారు. ఆ ముడినే ట్రిగ్గర్ పాయింట్ అంటారు. మందు ఎక్కించరు కాబట్టి 'డ్రై' అన్న పేరు వచ్చింది. ఇంజెక్షన్ సూదికి లోపల గొట్టం ఉంటుంది, దీనికి ఉండదు. మందం మామూలుగా 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు. ఇంజెక్షన్‌కు తరచూ వాడే 23 గేజ్ సూది దీనికి రెట్టింపు లావుంటుంది. పొడవు చేసే చోటును బట్టి మారుతుంది: మెడ, ముంజేతికి పొట్టి సూదులు, పిరుదు కండరాలకు 60 మిల్లీమీటర్లు, అంతకు మించినవీ వాడతారు.

ముడికి సూది తగిలినప్పుడు కండరం ఒక్కసారి తనంతట తానే అదురుతుంది. భయపడే పని లేదు, సూది సరైన చోటికి చేరిందనడానికి అదో గుర్తు. నొప్పికి ఇచ్చే ఇంజెక్షన్‌లో గుణం మందుది మాత్రమే కాదని, సూది గుచ్చడానికీ అందులో వాటా ఉందని 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ రాసినప్పటి నుంచి ఈ పద్ధతిపై వైద్యుల ఆసక్తి పెరిగింది. నొప్పి ఎందుకు తగ్గుతుందన్నది మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కొన్ని వారాల పాటు ఉపశమనం ఉంటుందనడానికి ఆధారాలున్నాయి, నెలల తరబడి నిలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. అందుకే సూది గుచ్చి పంపేసి, వ్యాయామం ఊసే ఎత్తని చికిత్సను మేం సమర్థించం. నొప్పి తగ్గిన ఆ కొద్ది రోజుల్లోనే కండరానికి సాగదీత, బలం పెంచే వ్యాయామాలు మొదలుపెట్టాలి. లేదంటే ముడి మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: మొన్న పిక్కకు చేయించుకున్నాను. అప్పటి నుంచి నడుస్తుంటే సలుపు, ఒకచోట కమిలి నల్లబడింది. తప్పుగా చేశారా?

మీరు రాసినంత వరకు చూస్తే, కాదు. బాగా అలవాటు లేని వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్లు ఎలా నొస్తుందో అలాంటి నొప్పే ఇది. 24 నుంచి 48 గంటలు, కొందరికి మూడో రోజు వరకూ ఉంటుంది. కమలడం ఎందుకంటే, చర్మం కింద కంటికి కనిపించని సన్నటి రక్తనాళాలు బోలెడు ఉంటాయి. సూది వాటిని తప్పించుకుంటూ వెళ్లడం ప్రతిసారీ కుదరదు. సూది తీసిన వెంటనే దూదితో అర నిమిషం గట్టిగా అదిమి పట్టుకుంటే కమలడం చాలావరకు తగ్గుతుంది. తొందరలో చాలామంది వదిలేసేది ఈ అర నిమిషాన్నే.

ఇవి ఎంత తరచుగా వస్తాయో లెక్కలున్నాయి. ఐర్లాండ్‌లో ఫిజియోథెరపిస్టులు చేసిన 7,629 చికిత్సలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 19 శాతం సార్లు చిన్నపాటి ఇబ్బందులు కనిపించాయి. ఎక్కువగా కమలడం, తర్వాత కాస్త రక్తం రావడం, నొప్పి. తీవ్రమైనది ఒక్కటీ లేదు. 2020లో అమెరికా నుంచి వచ్చిన, 20 వేలకు పైగా చికిత్సలను చూసిన మరో అధ్యయనంలో చిన్న ఇబ్బందులు 36.7 శాతం, పెద్దవి మొత్తం 20. అంటే వెయ్యి చికిత్సలకు దాదాపు ఒకటి. వెయ్యికి ఒకటి అంటే అరుదే, కానీ లేనట్టు కాదు. ఆ ఒకటి ఎలా ఉంటుందో కింది ప్రశ్నల్లో చూడండి.

మీరిప్పుడు చేయాల్సింది: కమిలిన చోట మొదటి రోజు చల్లటి గుడ్డ వేయండి, నేరుగా వేడి తగలనీయకండి. మిగతా కండరానికి రోజుకు రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టుకోండి. కాలు కదపకుండా మంచానికి అతుక్కుపోతే నొప్పి ఇంకా పట్టేస్తుంది, మెల్లగా నడవండి. పరుగు, బరువులు రెండు రోజులు ఆపండి. పిక్క మొత్తం వాచి, తాకితే వేడిగా ఉండి, రోజురోజుకూ నొప్పి పెరుగుతున్నా, ఎర్రదనం పాకుతున్నా, జ్వరం వచ్చినా అది సూది నొప్పి అనుకుని ఊరుకోకండి. ఇన్‌ఫెక్షనో, కాలి సిరలో రక్తం గడ్డకట్టడమో కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: భుజం వెనక సూది గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుందని విన్నాను. నిజమేనా, భయపెట్టడానికి చెబుతారా?

నిజమే. డ్రై నీడ్లింగ్‌లో అన్నింటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది దీన్నే. వైద్యంలో న్యుమోథొరాక్స్ అంటారు. ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అరుదుగానే జరుగుతుంది, కానీ జరిగినట్టు వైద్య పత్రికల్లో మళ్లీమళ్లీ నమోదైంది.

కారణం కొలతల్లోనే ఉంది. భుజపు రెక్కకు లోపలి అంచు దగ్గర చర్మానికి, ఊపిరితిత్తికి మధ్య దూరం ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లే. సన్నటి మనిషికి ఇంకా తక్కువ. చేతిలో సూది నాలుగు సెంటీమీటర్లుంటే తేడా ఎంతో మీరే చూడండి. ఊపిరితిత్తి పై కొన కాలర్ ఎముక కన్నా రెండు మూడు సెంటీమీటర్లు పైకి, మెడ మొదట్లోకి వస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. కాబట్టి ఛాతీకి, వీపు పైభాగానికే కాదు, మెడకూ భుజానికీ మధ్య ఉండే ట్రపీజియస్ కండరానికి చేసినా ఈ ముప్పు ఉంది. మన పాఠకుల్లో ఎక్కువమంది నొప్పి అని రాసేది సరిగ్గా ఆ కండరమే.

తెలిసినవారు ఎలా చేస్తారంటే, ట్రపీజియస్‌ను బొటనవేలు, మిగతా వేళ్ల మధ్య పట్టుకుని ఒంటి నుంచి పైకి లేపి, సూదిని తమ వేళ్ల వైపుకే పోనిస్తారు. నిటారుగా కిందికి గుచ్చరు. భుజపు రెక్కల మధ్య చేయాల్సి వస్తే పక్కటెముకను వెతికి, దాని పైనా కిందా ఉన్న సందుల్లో రెండు వేళ్లు ఆనించి మూసి, ఏటవాలుగా ఎముక మీదికే సూదిని పంపుతారు. కొంతసేపు సూది ఉంచాల్సి వస్తే కదలొద్దని చెబుతారు, దగ్గు గానీ తుమ్ము గానీ వచ్చేలా ఉంటే ముందే చెప్పమంటారు. ఛాతీకి రెండు వైపులా ఒకే రోజు చేయకపోవడం మంచి అలవాటు. ఒకవైపు ఏదైనా జరిగినా రెండోవైపు ఊపిరితిత్తి ఆదుకుంటుంది. చొక్కా మీది నుంచే గుచ్చేవారి దగ్గర, కండరాన్ని వేళ్లతో పట్టుకోకుండా నేరుగా పొడిచేవారి దగ్గర వీపుకు చేయించుకోకండి.

లక్షణాలు బల్ల మీద ఉండగానే కనిపించాలని లేదు. చిల్లు చిన్నది, ఊపిరి పీల్చినప్పుడల్లా గాలి కొద్దికొద్దిగా చేరుతుంది. కాబట్టి ఇంటికి వెళ్లాక, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడుతుంది. ఊపిరి లోపలికి పీలిస్తే ఛాతీలో గానీ రెక్క వెనక గానీ పొడిచినట్టు నొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు, గుండె దడ. వీటిలో ఏది వచ్చినా కాపడం పెట్టుకుని పడుకోవద్దు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి, మొదటి మాటగా "ఫలానా సమయానికి ఇక్కడ సూది గుచ్చారు" అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే కండరాల నొప్పి అనుకుని పంపేసే అవకాశం ఉంది. చెబితే ఎక్స్‌రే తీస్తారు. గాలి కొద్దిగా ఉంటే పరిశీలనలో ఉంచుతారు, దానంతటదే తగ్గుతుంది. ఎక్కువుంటే గొట్టం వేసి తీస్తారు. అనుమానం తీరేదాకా విమానం ఎక్కకూడదు, గాలి సిలిండర్‌తో నీటి లోతుకు దిగకూడదు. విమానం పైకెగిరేటప్పుడు, నీటి లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు చుట్టూ పీడనం తగ్గి, లోపల చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది.

ప్రశ్న: మోకాలి కింద బయటివైపు చేస్తుండగా కరెంటు షాక్ కొట్టినట్టు పాదం దాకా జివ్వుమంది. ఇప్పుడు పాదం పైన తిమ్మిరిగా ఉంది.

సూది నరానికి తగిలినట్టుంది. మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే గుండ్రటి ఎముక చుట్టూ తిరిగి, పాదాన్ని పైకెత్తించే నరం చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. కండరం ముడి నొప్పి మొద్దుగా, లోతుగా, పరిచినట్టు ఉంటుంది. భుజంలో గుచ్చితే కణతల దాకా పాకినట్టు అనిపించినా అది మామూలే. నరం నొప్పి వేరు: సన్నటి గీతలా, మెరుపులా పరుగెడుతుంది. అలా అనిపించగానే చెప్పాలి, చేసేవారు ఆ క్షణమే సూదిని వెనక్కి తీయాలి. "కాస్త ఓర్చుకోండి" అనడం తప్పు.

ఇప్పుడు మడమ మీద నిలబడి పాదం ముందు భాగాన్ని, బొటనవేలిని పైకెత్తి చూడండి. రెండో కాలితో పోల్చండి. బలం సమానంగా ఉంటే ఇలాంటి తిమ్మిరి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గడమే ఎక్కువ. అయినా చేసినవారికి తెలియజేసి పరీక్ష చేయించుకోండి. పాదం లేవకపోయినా, నడుస్తుంటే వేళ్లు నేలకు ఈడ్చుకుపోతున్నా ఆ రోజే డాక్టరును కలవాలి.

ప్రశ్న: గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నాను. నడుము నొప్పికి చేయించుకోవచ్చా?

ముందుగా ఒక మాట: సూది కోసం ఆ మాత్రలను మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే ప్రాణం మీదికొస్తుంది, దాని ముందు నడుము నొప్పి లెక్కలోది కాదు. వాడే మందులన్నీ రాసి చూపించండి. వార్ఫరిన్ వాడేవారు రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష తాజా రిపోర్టు కూడా పట్టుకెళ్లాలి. వేలితో అదిమితే రక్తం ఆగే పై కండరాలకు, సన్నటి సూదితో, కొద్దిచోట్ల మాత్రమే, గుండె డాక్టరు సరేనంటే చేయవచ్చు. నడుము లోతు కండరాల్లో రక్తం కారితే బయటి నుంచి అదిమి ఆపలేం. అందుకే మీకు మా సలహా వ్యాయామం, కాపడం, చేతులతో చేసే ఫిజియోథెరపీ.

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఉన్నవారు, ప్రసూతి వైద్యురాలి అనుమతి లేకుండా వద్దు. పొట్ట, నడుము జోలికి అసలే వద్దు. పేస్‌మేకర్ ఉన్నవారికి సూదులకు కరెంటు తగిలించే పద్ధతి పనికిరాదు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులు తీసేసినవారు ఆ వైపు చేతికి గుచ్చనీయకూడదు. మధుమేహం అదుపులో లేనివారికి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. నికెల్ పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి, స్టీలు సూదిలో నికెల్ ఉంటుంది.

ప్రశ్న: సూదులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వీడియోలు చూసి తొడకు నేనే చేసుకోవచ్చా?

వద్దు. సూది కింద రక్తనాళం ఉందో నరం ఉందో వీడియో చెప్పదు. గుచ్చినప్పుడు కళ్లు తిరిగితే పట్టుకునేవారుండరు.

ప్రశ్న: సూది చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. గదిలో ఏమేం గమనించుకోవాలి?

ఆ మాట ముందే చెప్పండి. కూర్చోబెట్టి చేయనీయకండి, పడుకునే చేయించుకోవాలి. ఖాళీ కడుపుతో వెళ్లకండి, గంటా రెండు గంటల ముందు ఏదైనా తిని, నీళ్లు తాగండి. మొదటిసారి రెండు మూడు సూదులు చాలు. చెమటలు పట్టినా, చెవులు హోరెత్తినా, కడుపులో తిప్పినా సూదులన్నీ తీయించి, కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకోండి, నిమిషాల్లో సర్దుకుంటుంది. కొందరికి తర్వాత మత్తుగా ఉంటుంది, అది పోయేదాకా బండి నడపవద్దు.

సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పాలి. ఒకసారి వాడిన సూదిని మీకే మరో రోజుకు దాచినా ఒప్పుకోకండి. చేతులు కడుక్కుని గ్లవుజులు వేసుకోవాలి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. లోపలికి దిగే భాగాన్ని వేళ్లతో తాకకూడదు. పిడి దాకా మొత్తం దించకూడదు, ఎందుకంటే సూది విరిగితే సాధారణంగా పిడి మొదట్లోనే విరుగుతుంది, బయట కొంత మిగిలితేనే పట్టుకుని తీయగలం. ఒక్కోసారి కండరం బిగుసుకుని సూదిని వదలదు. అప్పుడు బలంగా లాగితే వంగుతుంది. కదలకుండా ఒకట్రెండు నిమిషాలు ఆగి, చుట్టూ మెల్లగా రుద్దితే కండరం సడలి దానంతటదే వస్తుంది. గుచ్చిన సూదులెన్నో, తీసినవెన్నో లెక్కపెట్టమని అడగడానికి మొహమాటపడకండి. జుట్టులో, దుప్పటి మడతలో ఒకటి మిగిలిపోవడం జరుగుతూనే ఉంటుంది.