ఫీనిక్స్ ఎండ సంగతి, దాని బిల్లు సంగతి

ప్రశ్న (వనస్థలిపురం, హైదరాబాద్ నుంచి): ఆంటీ, జులైలో అమెరికాలో, ఫీనిక్స్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. ఎడారి అంటున్నారు కదా, అంతా ఇసుకేనా? హైదరాబాద్ మే నెల ఎండలు చూసినవాడికి అదో లెక్క కాదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: బాబూ, ఎండ భరించవచ్చు. బిల్లు భరించడమే కష్టం. నీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా అక్కడ కరెంటు బిల్లు కట్టారేమో ముందు కనుక్కో. నేను ఫీనిక్స్ నుంచి సెలవులకి మలక్‌పేట వచ్చినప్పుడల్లా మా వీధిలో ఎవరో ఒకరు ఇదే మాట అంటారు. వాళ్లలో ఒక్కరూ కట్టినవాళ్లు కాదు.

ఇసుక దిబ్బలూ ఒంటెలూ ఊహించుకోకు. అది సొనోరన్ ఎడారి. చెట్లున్నాయి. పాలో వెర్డే అనే చెట్టు ఆకులు రాలిపోయినా పచ్చటి బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. సగువారో జెముడు మొదటి కొమ్మ వెయ్యడానికే 50 ఏళ్ల పైన పడుతుంది. అందుకే నర్సరీల్లో దాన్ని అడుగుల లెక్కన అమ్ముతారు. ఎడారిలోంచి ఊరికే తవ్వి తెచ్చుకుంటే నేరం, జరిమానా. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 180 పడితే గొప్ప.

ఇక వేడి. మనకి 42 వస్తే పేపర్లో హెడ్డింగు. అక్కడ 2023లో వరసగా 31 రోజులు 43 దాటింది. రాత్రిళ్లు కూడా 32 కిందికి దిగని రోజులు చాలా ఉన్నాయి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి నీకేం కావట్లేదనుకుంటావు, సాయంత్రానికి తలనొప్పితో పడిపోతావు. అక్కడ కంగారూ ర్యాట్ అని ఒక ఎలుక ఉంది. నీళ్లు తాగకపోయినా తిన్న గింజల నుంచే ఒంట్లో నీళ్లు పుట్టించుకుంటుంది, పగలంతా బొరియలో పడుకుని రాత్రి తిరుగుతుంది. వేసవిలో తెలుగువాళ్లమూ దానిలాగే, గుడికైనా పొద్దు గూకాకే. కాకపోతే మనకి నీళ్లు కావాలి. బయట సీసాలు కొనకు, ఇంట్లో నింపుకుని వెళ్లు. డబ్బులు మిగులుతాయి.

వెళ్లిన కొత్తలో నాకు మలక్‌పేట అలవాట్లు పోలేదు. అద్దె తక్కువని పై అంతస్తులో, పడమటి కిటికీల ఫ్లాట్ తీసుకున్నాం. ఇద్దరం ఆఫీసుకి వెళ్లాక ఖాళీ ఇంటికి చల్లదనం ఎందుకని ఏసీ ఆపేసేదాన్ని. సాయంత్రం తలుపు తీస్తే గోడలు, మంచం, డబ్బాలో కందిపప్పు అన్నీ వేడే. కుళాయిలో చన్నీళ్లు తిప్పినా వేడినీళ్లే. అప్పుడు ఏసీ వేస్తే అర్ధరాత్రి దాకా ఆగేది కాదు. మా కరెంటు ప్లాన్‌లో సరిగ్గా ఆ సాయంత్రం గంటల్లోనే రేటు ఎక్కువ. ఆ కాగితం నేను చదవలేదు. బిల్లు వచ్చాక మా ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చి మా నాన్నగారి పెన్షన్ పక్కన పెట్టి చూపించారు. తర్వాత ఆ ఇంట్లో చాలా రోజులు మాటల్లేవు. ఇప్పుడు మేం ఏసీ పూర్తిగా ఆపం. రేటు పెరిగే వేళకి ముందే ఇల్లు బాగా చల్లబరిచి, ఆ గంటల్లో ఏసీ డిగ్రీలు కాస్త పైకి పెట్టి వదిలేస్తాం. పడమటి కిటికీలకి మందపాటి కర్టెన్లు.

మన గడ్డి కూలర్ అక్కడ కూడా దొరుకుతుంది. మే, జూన్‌ల పొడిగాలికి భలే పనిచేస్తుంది, ఏసీతో పోలిస్తే కరెంటు కొంచెమే. జులైలో మాన్‌సూన్ తేమ వచ్చాక మాత్రం దండగ. సొంత ఇల్లు కొన్నాక పెరటి వరండాలో పెట్టించాం. ఆ ఆలోచన నాదే.

బట్టలు ఆరబెట్టే మెషీన్‌లో, అదే డ్రయ్యర్‌లో, వేసే నాణేలు మిగులుతాయని ఒకసారి బట్టలు బాల్కనీలో ఆరేశాను. అరగంటలో ఎండాయి, నిజమే. తీసేలోపు హబూబ్ వచ్చింది, అంటే ఊరినే కప్పేసే దుమ్ము గోడ. మళ్లీ ఉతుకు, మళ్లీ నాణేలు. పైగా బాల్కనీలో ఆరేయకూడదని అపార్ట్‌మెంట్ వాళ్ల నోటీసు.

ఆ దుమ్ముతో ఇంకో ఖర్చు ఉంది. అక్కడి మట్టిలో ఒక ఫంగస్ ఉంటుంది. దుమ్ముతో పాటు అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వ్యాలీ ఫీవర్ వస్తుంది. చాలామందికి తెలియకుండానే పోతుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నాకు మాత్రం దగ్గు తగ్గక, యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ మింగి, కోపేలు (ఇన్సూరెన్సు ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మన జేబులోంచి కట్టే డబ్బు) కట్టీ కట్టీ విసిగాక ఒక డాక్టరు రక్తపరీక్ష రాశాడు. యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియాకి, ఇది ఫంగస్. దగ్గు వారాల తరబడి ఉంటే ఆ పరీక్ష నువ్వే అడుగు.

వాన పడితే ఎండు వాగులు నిమిషాల్లో పొంగుతాయి. మూసీ పొంగు చూసినవాడివి కదా, అడ్డం పెట్టిన బారికేడ్ దాటి కారు పోనివ్వకు. అలా ఇరుక్కుంటే, బయటికి లాగిన ఖర్చు నీ దగ్గరే వసూలు చేసే చట్టం ఆ రాష్ట్రంలో ఉంది. లైసెన్సు, ఇన్సూరెన్సు, వీసా సంగతులు ప్రభుత్వం సైట్లలో ఉంటాయి, చూసుకో, అవన్నీ నేను చెప్పక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్ కారు కొంటే బ్యాటరీ ఎప్పటిదో అడుగు, ఆ వేడికి త్వరగా చచ్చిపోతుంది.

ఇల్లు చూసేటప్పుడు కింది అంతస్తు, తూర్పు వైపు కిటికీలు, ఒక రూమ్మేటు. స్విమ్మింగ్ పూల్ చూసి మురిసిపోకు. అంతకుముందు ఉన్నవాళ్లకి ఆగస్టులో కరెంటు బిల్లు ఎంత వచ్చిందో అడిగి, వీలైతే చూసి, అప్పుడే సంతకం పెట్టు. చెప్పడానికి నీళ్లు నమిలితే ఇంకో ఇల్లు చూసుకో.