నెల రోజులు ఒంటరిగా నడవాలంటే ముందు దిగడం నేర్చుకోండి

"ఒంటరిగా ఐదారు వందల కిలోమీటర్ల నడక చేయాలని ఉంది. ఎన్ని నెలల ముందు నుంచి సిద్ధమవ్వాలి? బ్యాగులో ఏమేం ఉండాలి?" అని అడిగారు. బ్యాగు గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను కాళ్ళ గురించి చెప్తాను. ఎందుకంటే నా నడక రెండో రోజే ఆగిపోవాల్సింది, అదీ కాళ్ళ వల్లే.

రెండేళ్ళ క్రితం మే నెలలో స్పెయిన్‌లోని కమీనో దారిలో ఒక్కదాన్నే నడిచాను. అప్పటికి నాకు 51 ఏళ్ళు. ఫ్రాన్స్ వైపు సాన్ జాన్ ప్యే ద పోర్ అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టి, పిరనీస్ కొండలు దాటి, స్పెయిన్ ఉత్తర భాగమంతా అడ్డంగా నడుచుకుంటూ సాంటియాగో దె కాంపొస్తేలా చర్చి దాకా. మొత్తం 780 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వెయ్యేళ్ళకు పైగా జనం నడుస్తున్న యాత్ర అది. నేను క్రైస్తవురాలిని కాదు, అయినా దారిలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. రెండు రోజుల విశ్రాంతి కలుపుకుని నాకు 36 రోజులు పట్టింది.

వెళ్ళే ముందు ఆరు నెలలు గట్టిగానే ప్రాక్టీస్ చేశాను. రోజూ పొద్దున కేబీఆర్ పార్కు చుట్టూ నడక. నెలకో ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి. ఇవి కాక రెండుసార్లు అలిపిరి నుంచి తిరుమల ఎక్కాను. 3550 మెట్లు, బ్యాగు తగిలించుకుని మూడు గంటల పది నిమిషాల్లో ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఆగలేదు. దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని, బస్సెక్కి కిందికి వచ్చేశాను. అందరం అంతే కదా. ఎక్కడం మొక్కు, దిగడానికి బస్సు.

అదే నేను చేసిన తప్పు. ఆ సంగతి నాకు తెలిసింది మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి.

మొదటి రోజు దాదాపు 25 కిలోమీటర్లు. 170 మీటర్ల ఎత్తు నుంచి 1430 మీటర్ల దాకా ఎక్కాలి. అందరూ భయపెట్టేది ఈ ఎక్కుడు గురించే. నాకు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. మంచులో గొర్రెల మెడ గంటలు వినిపిస్తున్నాయి, గొర్రెలు మాత్రం కనిపించడం లేదు. ఊపిరి బాగానే ఆడుతోంది. తిరుమల వెంకన్న దయ అనుకుంటూ పైకి చేరాను. అక్కడి నుంచి రోన్సెస్‌వాయెస్ మఠానికి దిగడానికి రెండు దారులు. ఒకటి నిటారుగా అడవిలోంచి, ఇంకొకటి కాస్త చుట్టు తిరిగి ఇబాన్యేటా కనుమ మీదుగా. చుట్టు దారిలోనే వెళ్ళమని పొద్దున యాత్రికుల ఆఫీసులో చెప్పారు కూడా. నాలుగైదు కిలోమీటర్లే కదా అని అడవి దారి పట్టాను.

నాలుగైదు కిలోమీటర్లలో దాదాపు 500 మీటర్లు కిందికి. తడిసిన ఆకులు, కింద బురద. అడుగు వేసినప్పుడల్లా వీపు మీద బరువంతా ముందుకు తోస్తుంటే, పాదం షూలో జారి బొటనవేలు ముందు గోడకు కొట్టుకుంటోంది. ఒక్కసారైతే ఏమీ కాదు. అడుగడుక్కీ కొట్టుకుంటే, వేల అడుగులు. సగం దూరం దిగేసరికి తొడలు వణకడం మొదలైంది. నిలబడితే వణుకు, నడిస్తే నొప్పి. ఎక్కేటప్పుడు కండరం దగ్గరకు ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ బరువును ఆపాలి. అది వేరే పని. ఆ పని నా కాళ్ళకు నేను ఎప్పుడూ నేర్పలేదు.

మఠంలో పడుకునే హాలు బయట షూలు పెట్టే గది ఉంటుంది. అక్కడ బల్ల మీద కూర్చుని సాక్స్ తీశాను. కుడి బొటనవేలి గోరు కింద నేరేడు పండు రంగులో రక్తం గడ్డకట్టి ఉంది. పక్కన డెబ్బై ఏళ్ళ జర్మన్ ఆవిడ కూర్చుని ఉంది, రిటైరైన నర్సట. ఆవిడ నా వేలు చూడలేదు, షూ చేతిలోకి తీసుకుంది. లేసు మొత్తం విప్పేసింది. స్పోర్ట్స్ షూలకి చీలమండ దగ్గర, అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి ఒక అదనపు రంధ్రం ఉంటుంది చూడండి, మనం ఎప్పుడూ వాడనిది. లేసును అదే వైపున ఉన్న ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా చేసింది. రెండో వైపూ అంతే. తర్వాత ఎడమ లేసును కుడి ఉచ్చులోంచి, కుడి లేసును ఎడమ ఉచ్చులోంచి తీసి కిందికి లాగి బిగించింది. షూ తొడుక్కోమని సైగ చేసింది. తొడుక్కుని ముందు మడమతో నేలను రెండుసార్లు తన్నమంది, ఆ తర్వాతే ముడి. మడమ వెనక్కి అతుక్కుని కదలడం లేదు, వేళ్ళ ముందు ఖాళీ ఉంది. ఆరు నెలల ప్రాక్టీసులో నాకు ఎవరూ చెప్పని విషయం రెండు నిమిషాల్లో నేర్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హైదరాబాద్‌లో నేను షూ కొన్న దుకాణంలో, "మేడమ్, టైట్‌గా ఉంటేనే గ్రిప్పు" అని నా మామూలు సైజే అంటగట్టారు. రోజుకు ఆరేడు గంటలు నడిస్తే పాదం ఉబ్బుతుంది. కనీసం అర సైజు, వీలైతే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. సాయంత్రం పూట, నడిచొచ్చిన కాళ్ళతో, మందపాటి సాక్స్ వేసుకుని కొలుచుకోవాలి. వేల రూపాయల షూ అమ్మేవాళ్ళకి ఈ సంగతి తెలియకపోతే ఎలా? కోపం నాకు ఇంకా తగ్గలేదు.

రెండో రోజు జుబిరి అనే ఊరికి దిగాలి. పలకల్లా పొరలు పొరలుగా పైకి లేచిన రాళ్ళ మీద దిగుడు. దాన్ని గురించి వర్ణించను. ఊరి మొదట్లో అర్గా నది మీద పాత రాతి వంతెన ఉంది. పశువులను ఆ వంతెన స్తంభం చుట్టూ తిప్పితే పిచ్చి రోగం రాదని పూర్వం నమ్మేవారట, అందుకే దాన్ని రేబిస్ వంతెన అంటారు. దాని కింద నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని గంటసేపు కూర్చుని ఏడ్చాను. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను. నాలుగు గంటలకు లేచి బ్యాగు మొత్తం మంచం మీద కుమ్మరించాను.

నా బరువు 58 కిలోలు. ఒంటి బరువులో పదో వంతు కన్నా ఎక్కువ మోయకూడదని అందరూ చెప్పే లెక్క. అంటే 5 కిలోల 800 గ్రాములు. నా బ్యాగు 11 కిలోల 200. మూడు జతల బట్టలు, ఒక జీన్స్, చివర్లో చర్చికి కట్టుకుందామని తెచ్చుకున్న మంగళగిరి చీర, అరకిలో గోంగూర పచ్చడి, నెలకు సరిపడా మందులు, రెండు పుస్తకాలు, బరువైన టవలు. వాటిలో ప్రతి వస్తువునూ ఏదో ఒక "ఏమైనా అయితే" కోసం పెట్టుకున్నాను. ఏమైనా అయితే మందుల షాపు ప్రతి ఊళ్ళో కాకపోయినా రెండో మూడో ఊళ్ళో ఉంటుంది. మర్నాడు పాంప్లోనా పోస్టాఫీసులో నాలుగు కిలోల 300 గ్రాములు పెట్టెలో పెట్టి సాంటియాగోకి పంపించేశాను. యాత్రికుల సామాను అలా ముందుకు పంపి దాచిపెట్టే ఏర్పాటు అక్కడి పోస్టాఫీసుల్లోనే ఉంది. గోంగూర తోటి నడకవాళ్ళకి పంచాను. కొరియా నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు బ్రెడ్డుకు రాసుకుని రెండు రోజుల్లో ఖాళీ చేశారు. కందిపొడి మాత్రం వదల్లేదు. వంటగది ఉన్న సత్రాల్లో అన్నం వండుకుంటే అది చాలు.

కాబట్టి మీరు ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలి అంటే, నాలుగు నెలలు చాలు. కానీ ఎక్కడం ప్రాక్టీస్ చేయకండి, అది దారిలో మూడు నాలుగు రోజుల్లో అదే వస్తుంది. దిగడం చేయండి. తిరుమల ఎక్కితే నడిచే దిగండి. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఉంటే పైకి లిఫ్టులో వెళ్ళి, కిందికి మెట్ల మీద రండి, బ్యాగులో ఆరు కిలోల బియ్యం పెట్టుకుని. మొదటిసారి దిగిన మర్నాడు, ఆ పై రోజు తొడలు పట్టేస్తాయి. రెండు మూడు వారాల్లో ఆ నొప్పి రావడం మానేస్తుంది. అప్పుడు తొడలు ఆ పని నేర్చుకున్నట్టు. ఇంకొకటి, వరసగా నడవాలి. ఆదివారం ఒక్కరోజు 25 కిలోమీటర్లు నడిచి వారమంతా కుర్చీలో కూర్చుంటే లాభం లేదు. శని, ఆది, సెలవు దొరికితే సోమవారం కూడా, ఇరవై చొప్పున మూడు రోజులు నడవండి. రెండో రోజు పొద్దున మంచం దిగేటప్పుడు ఎలా ఉంటుందో, అదే అసలు పరీక్ష.

బొబ్బలకు సూదీ దారం గుచ్చి వదిలేయమని దారిలో చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. ఆ దారం వెంట మురికి లోపలికి పోతుంది. పొద్దున్నే పాదాలకు వాజలీన్ రాసి, ఉన్ని సాక్స్ వేసుకుని, ఎక్కడ వేడిగా అనిపించినా అక్కడే ఆగి షూ విప్పితే బొబ్బే రాదు. "వచ్చే ఊళ్ళో చూద్దాం" అనుకున్న ప్రతిసారీ వచ్చింది.

ప్లానింగ్ గురించి ఎక్కువ చెప్పను. స్పెయిన్‌లో ఎక్కువ రోజులు ఉంటారు కాబట్టి ఫ్రాన్స్‌లో మొదలుపెట్టినా స్పెయిన్ వీసానే తీసుకోవాలి, 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా కౌంటర్‌లో ప్రతి రాత్రికీ హోటల్ బుకింగ్ చూపించమన్నారు. ముందస్తు బుకింగే తీసుకోని పంచాయతీ సత్రాల్లో, చర్చి సత్రాల్లో పడుకునేవాళ్ళు బుకింగ్ ఎక్కడి నుంచి తేవాలి? ఏ రోజు ఏ ఊరో, ఎన్ని కిలోమీటర్లో పట్టిక రాసి, ఓ లేఖ జతచేసి ఇచ్చాను. ఒప్పుకున్నారు. శాకాహారులైతే "మాంసం లేకుండా" అని మాత్రమే చెప్పకండి, సలాడ్‌లో ట్యూనా చేప వేసి తెస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. "నీ కార్నె, నీ పెస్కాదో" అనాలి, మాంసమూ వద్దు, చేపా వద్దు అని. ఆదివారం చాలాచోట్ల కొట్లు ఉండవు, మామూలు రోజుల్లో కూడా చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం మూసేస్తారు.

ఇక ఒంటరిగా అన్నారు కదా. మీరు ఆడవారో మగవారో రాయలేదు. నాకైతే సెలవు అడిగిన రోజు నుంచి విమానం ఎక్కేదాకా వినిపించిన ప్రశ్న ఒక్కటే, "మీ ఆయన ఒప్పుకున్నారా?" మూడేళ్ళు జీతంతో వచ్చే సెలవులు కూడబెట్టుకున్నది నేను, డబ్బు నాది, మోకాళ్ళు నావి. ఆయన ఎప్పుడో ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది మా వదినలు, పక్క ఫ్లాటువాళ్ళు, ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రాళ్ళు. యాభై దాటిన ఆడది కాశీకి గుంపులో వెళ్తే పుణ్యం, ఒక్కతే నడుస్తానంటే ఇంట్లో ఏదో గొడవ అనుకుంటారు. దీనికి కూడా ముందే సిద్ధమవ్వాలి, షూల కన్నా ముందే. నేను రాజమండ్రిలో అమ్మ దగ్గరకు వెళ్ళి మ్యాపు పరిచి, ప్రతి ఊరూ వేలు పెట్టి చూపించాను. యాత్రికులకు ఒక పాస్‌పోర్టులాంటి పుస్తకం ఇస్తారు, ప్రతి సత్రంలోనూ అందులో ముద్ర వేస్తారు. రోజూ రాత్రి ఆ ముద్ర ఫొటో తీసి పంపిస్తానన్నాను. ఫోన్లు లేవు, వీడియో కాల్స్ లేవు, ముద్ర ఒక్కటే. అమ్మ ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి ఊరి పేరు రాసుకునేది. పద్నాలుగో రోజు సిగ్నల్ లేక పంపలేకపోతే, మర్నాడు రెండు ముద్రలు వచ్చేదాకా ఆ గీత ఖాళీగా వదిలి ఉంచిందట.

భయం వేయలేదా అంటే, మనుషుల భయం వేయలేదు. ఆడా మగా అందరం ఒకే హాల్లో, ఒకదాని పైన ఒకటి ఉండే మంచాల మీద పడుకుంటాం, పదింటికి లైట్లు ఆర్పేస్తారు. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు, రెండో రాత్రి నుంచి చెవుల్లో దూది పెట్టుకుని పడిపోయేదాన్ని. కారియోన్ దాటాక 17 కిలోమీటర్లు ఊరు లేదు, నీడ లేదు, నీళ్ళు లేవు, రెండు పక్కలా గోధుమ చేలు. రెండు లీటర్ల నీళ్ళు మోసుకుని నాలుగు గంటలు నడిచాను. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. చిన్నప్పుడు నాన్నతో గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచిన రోజులు వరసగా గుర్తొచ్చాయి. ఆయన పోయి పదకొండేళ్ళు. అంతసేపు ఆయన గురించి ఆలోచించే తీరిక నాకు ఆ పదకొండేళ్ళలో దొరకలేదు.

సాంటియాగోలో పెట్టె తీసుకుని, చీర కట్టుకుని చర్చికి వెళ్ళాను. కాళ్ళకు అవే షూలు, జర్మన్ ఆవిడ నేర్పినట్టే కట్టిన లేసు. గోరు అప్పటికే ఊడిపోయింది. కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది పైనే పట్టింది. వచ్చాక మొన్న సంక్రాంతి తర్వాత మళ్ళీ అలిపిరి వెళ్ళాను. ఎక్కడానికి మూడున్నర గంటలు, దిగడానికి రెండుంబావు. ఎదురుగా ఎక్కుతున్నవాళ్ళు "బస్సులు లేవా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు.