పాత చిత్రికా, కొత్త చిత్రికా?

బాబూ,

చెక్కని నునుపు చేసే చిత్రిక పాతది కొనాలా, కొత్తది కొనాలా అని అడిగావు కదా. నన్నడిగితే పాతదే కొను, కానీ దాన్ని బాగుచేసుకోడానికి ఒకటి రెండు ఆదివారాలు పోతాయి, ఆ ఓపిక ఉంటేనే. లేకపోతే మంచి కంపెనీ కొత్తది తెచ్చుకుని వెంటనే పనిలో పడు, తప్పేం లేదు. చవగ్గా వస్తోందని నాసిరకం కొత్తది మాత్రం వద్దు. అందులో బ్లేడు ఆనుకునే దిమ్మె, అదే ఫ్రాగ్, సరిగా చదును చేసి ఉండదు, నువ్వెంత పదును పెట్టినా బ్లేడు వణుకుతుంది, చెక్క మీద అలలు అలలుగా గాట్లు పడతాయి, తప్పు నీ చేతిదే అనుకుని కూర్చుంటావు.

పాతవాటిలో అమెరికా పనిముట్ల కంపెనీ స్టాన్లీ వాళ్ల 5వ నంబరు చూడు. 14 అంగుళాల పొడవు, 2 అంగుళాల బ్లేడు, మొరటు పనికీ నునుపు పనికీ సరిపోతుంది. చిత్రిక అమరికకి లెనార్డ్ బెయిలీ అనే ఆయన తీసుకున్న పేటెంట్లు స్టాన్లీ చేతికి వచ్చింది 1869లో, ఈనాటి కొత్తవాటిలోనూ చాలావరకు అదే అమరిక. తేడా అంతా ఇనుములోనూ బ్లేడు మందంలోనూ ఉంది: పాత బ్లేడు సుమారు 2 మిల్లీమీటర్లు, ఖరీదైన కొత్తవాటిలో 3 దాకా.

తుప్పుకి భయపడకు, పైపైదైతే వెనిగర్‌లో నానబెడితే పోతుంది. బ్లేడు వెనకవైపు అంచు దగ్గర తుప్పు తిన్న గుంటలుంటే మాత్రం పదును నిలవదు. అసలు చూడాల్సింది నోరు, బ్లేడు బయటికొచ్చే ఆ సందు. ఓసారి నేను కొత్త రంగు తళతళ చూసి మోసపోయాను, ఇంటికొచ్చి గోటితో గీరితే నోటి మూల నుంచి చిత్రిక పక్క గోడ మీదకి వెంట్రుకంత పగులు! పోత ఇనుము కదా, కింద పడితే అంతే. అప్పట్నుంచి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి చూస్తాను, పగులుంటే ఆ గీత మాత్రం తడిగా కనిపిస్తుంది. పిడి విరిగితే పర్లేదు, చెక్క పనివాడివేగా, చేసుకుంటావు.

అడుగుభాగం గాజుపలక మీద గరుకు కాగితం పరిచి రుద్దు. బ్లేడు లోపలికి లాగి, బిగించే ఉంచాలి, ఆ బిగువుకి అడుగు కాస్త వంగుతుంది మరి. ముందు కొస, నోటి ముందంచు, వెనక కొస ఒకే మట్టానికి వస్తే చాలు, మధ్యలో పల్లాలుంటే ఉండనీ. మందపాటి బ్లేడు వేద్దామని నోటిని ఆకురాయితో అరగదీయకు, పోయిన ఇనుము తిరిగి రాదు.

డబ్బులిచ్చే ముందు అడుగువైపు నుంచి నోటి ఫొటో ఒకటి తీసి పంపు, నేను చూస్తాను.