రోజుకొక ఫ్రాక్టల్ చిత్రం వేయాలంటే గణితం ఎంత రావాలి?

గణితం అంతగా రానివారు రోజూ ఒక ఫ్రాక్టల్ చిత్రం (ఎంత లోపలికి వెళ్లి చూసినా అలాంటి చిన్న ఆకారాలే మళ్లీ మళ్లీ బయటపడే బొమ్మ) కంప్యూటర్లో వేసి పదిమందికీ చూపించే అలవాటు పెట్టుకోగలరా, పెట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నరసాపురం పక్క పల్లెలో ఉంటూ నాలుగేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక నేను చేస్తున్నది ఇదే కనుక, నాకు అనుభవంలో తేలినది చెబుతాను.

రావలసిన గణితం కొంచెమే. ఫ్రాక్టళ్లలో బాగా పేరున్న మాండెల్‌బ్రాట్ సమితి అంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది: సున్నాతో మొదలుపెట్టి, చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి, మనం ఎంచుకున్న బిందువు విలువను దానికి కలిపి, వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేస్తూ పోవాలి. ఎంచుకున్న విలువ 1 అయితే 1, 2, 5, 26 అంటూ అదుపు తప్పుతుంది. మైనస్ 1 అయితే మైనస్ 1, 0, మైనస్ 1, 0 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. ఎన్నటికీ అదుపు తప్పని బిందువులే ఈ సమితి; వాటికి నలుపు వేసి, పరిమాణం 2 దాటిన బిందువులకు మాత్రం ఎన్నో అడుగులో దాటాయో చూసి దాన్నిబట్టి రంగు వేస్తాం. తెర మీది ప్రతి బిందువూ ఇంటర్లో చదువుకునే సంకీర్ణ సంఖ్యే, అంటే అడ్డం విలువ ఒకటి, నిలువు విలువ ఒకటి కలిసినది. గణిత శాస్త్రజ్ఞుడు బెన్వా మాండెల్‌బ్రాట్ 1975లో ఇలాంటి ఆకారాలకు ఫ్రాక్టల్ అనే పేరు పెట్టి, 1980లో ఐబీఎంలో కంప్యూటర్ల చేత గీయించి చూసిన ఆ ఆకారాన్ని ఇవాళ ఉచితంగా దొరికే క్సావోస్ (XaoS) అనే ప్రోగ్రాంలో మౌస్ నొక్కిపట్టుకుని లోపలికి వెళ్లి చూడవచ్చు.

కష్టమంతా ఒక చోట నిలవడంలో ఉంది. మొదటి ఏడాది నేను రోజుకొక కొత్త చోటు వెతుక్కుంటూ తిరిగాను. చిత్రాలు ఇంద్రధనుస్సు రంగులతో మెరిసేవి కానీ, నెల తిరిగేసరికి ఏది ఎప్పటిదో నాకే గుర్తుండేది కాదు. ఒక రాత్రి అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లుతూ తెర వైపు చూసి, "ఇక్కడ ముద్దకట్టింది, దారం విడలేదు" అంది. చిన్నప్పటి నుంచీ లేసు అల్లుతున్న మనిషి, ఆమె కన్ను తప్పదు. సుడి మధ్యలో గోరంత నల్లమచ్చ ఉంది, అది సమితిలో భాగమేనని నేను వదిలేశాను. ఒక్కో బిందువుకు లెక్కను ఎన్నిసార్లు చేసి చూడాలో చెప్పే అడుగుల పరిమితిని 300 నుంచి 5,000కు పెంచి మళ్లీ గీయించేసరికి, ఆ మచ్చ విచ్చుకుని సన్నని పోగులుగా, పోగు చివర మరో చిన్న సుడిగా బయటపడింది. ఆలస్యంగా దాటిపోయే బిందువులను పరిమితి తక్కువగా ఉన్నప్పుడు దాటనివిగా లెక్కగట్టడం వల్ల వచ్చిన నలుపు అది. ఆనాటి నుంచి ఒక్కో చోట వారం రోజులు ఉంటున్నాను: ఒకరోజు పరిమితి, ఒకరోజు కోణం, మిగిలిన రోజులన్నీ రంగులే. రంగుల దగ్గర ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. లేసులాగే తెలుపును, దాని వెనుక ఒక్క ముదురు నీలాన్ని మాత్రమే ఉంచుకున్న వారంలో వచ్చిన చిత్రాలే ఇప్పటికీ నాకు ఇష్టం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలడం, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోవడం, మరోపక్క కాలువ నుంచి పిల్లకాలువ, దాని నుంచి బోదె రావడం చూస్తూ పెరిగిన మనకు ఈ కొమ్మలు తేలికగానే పట్టుబడతాయి. అయితే మన నీరు బోదెతో ఆగి మడిలోకి చేరుతుంది, ఫ్రాక్టల్‌లో మాత్రం కొమ్మలు ఎక్కడా ఆగవు. ఆగేది మన కంప్యూటరే: సాధారణ దశాంశ లెక్క 15, 16 అంకెలకు మించి పట్టదు కనుక పది లక్షల కోట్ల రెట్లు పెద్దది చేసి చూసే దగ్గర చిత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. అంతకంటే లోతుకు కాలెస్ ఫ్రాక్టాలర్ వంటి ప్రోగ్రాములు కావాలి, మొదటి ఏడాది వాటి అవసరం రాదు.

పంచుకోవడం గురించి గట్టిగా చెప్పదలచినది ఒకటుంది: చిత్రంతోపాటు దాని సంఖ్యలను భద్రం చేయండి. పిన్ని కొడుకు కొత్త ఇంటి గోడకు నా చిత్రం ఒకటి రెండడుగుల వెడల్పున, మూడడుగుల ఎత్తున కావాలని ముచ్చటపడ్డాడు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 7,200 బై 10,800 చుక్కలు కావాలి. నా దగ్గర మిగిలింది వాట్సాప్‌లో నలిగిన చిన్న ప్రతి ఒక్కటే. స్థానం రాసుకోలేదు. మూడు రాత్రులు వెతికితే దాని తోబుట్టువుల్లాంటి సుడులు వందలు కనిపించాయి కానీ, ఆ ఒక్కటి దొరకలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇప్పుడు ప్రతి చిత్రం కింద కేంద్రం, ఎన్ని రెట్లు, అడుగుల పరిమితి, రంగుల పట్టిక నాలుగూ రాస్తాను, చిత్రాన్ని నాణ్యత తగ్గని పీఎన్‌జీ ఫైలుగా దాచి వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే పంపుతాను. సంఖ్యలు ఇచ్చేస్తే మన చిత్రాన్ని ఎవరైనా తమదని చెప్పుకుంటారేమోనన్న భయం వద్దు. రాజోలు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి నా సంఖ్యలతోనే మొదలుపెట్టి, నేను చూడకుండా దాటిపోయిన పక్క కొమ్మలోకి వెళ్లి వేసి పంపిన చిత్రం నా గదిలో గోడకు ఉంది.

మొదటి వారానికి చోటు కావాలంటే, పెద్ద హృదయాకారానికీ దాని ఎడమనున్న వృత్తానికీ మధ్యనున్న సందులోకి, అంటే మైనస్ 0.75, 0.1 పరిసరాలకు వెళ్లండి. దాన్ని సముద్రగుర్రాల లోయ అంటారు. అక్కడ మీకు నచ్చిన తోక ఒకటి పట్టుకుని ఏడు రోజులూ దాన్నే వేయండి. దాని సంఖ్యలు ఇక్కడ రాస్తే నేనూ తెరిచి చూస్తాను.