ఫోన్‌లో దాంపత్యం: కొత్తగా అమెరికా వచ్చినవారికి

పెళ్లయిన మూడు నెలలకే భర్త హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద ఇక్కడికి రావడం, భార్య తనకు రావాల్సిన హెచ్4 అనే జీవిత భాగస్వామి వీసా స్టాంపింగ్ తేదీ కోసం తెనాలిలోనో కరీంనగర్‌లోనో అత్తగారింట్లో ఎదురుచూడటం మనవాళ్లలో మామూలైపోయింది. ఆ ఎడబాటులో దంపతులు ఫోన్‌లో ఎలా మసలుకోవాలో పెద్దలెవరూ చెప్పరు, అడగడానికి వీళ్లకూ మొహమాటమే. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న నన్ను మాత్రం, సోనామసూరి ఎక్కడ దొరుకుతుంది, క్రెడిట్ స్కోరు ఎలా పెరుగుతుంది అన్న ప్రశ్నలన్నీ అయిపోయాక, కారు దిగి తలుపు పట్టుకుని, "అన్నా, వాట్సాప్‌లో పంపుకునేవి ఎవరైనా చూడగలరా?" అని మెల్లగా అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు.

దారిలో ఎవరూ చూడలేరన్నది నిజమే. 2016 నుంచి ఆ సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి, ఈ ఫోన్‌కూ ఆ ఫోన్‌కూ మధ్య కంపెనీవాళ్లు కూడా వాటిని చదవలేరు. మన పరువుకు ముప్పు వచ్చేది దారిలో కాదు, రెండు కొసల దగ్గర.

ఆరేడేళ్ల కిందట ఒక శనివారం, నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండే అపార్ట్‌మెంట్‌కు భోజనానికి వెళ్లాను. పులిహోర గిన్నె మధ్యలో పెట్టుకుని కింద కూర్చున్నాం. ఎదురుగా టీవీలో ఏమీ పెట్టనందువల్ల, వాళ్లలో ఒకతని ఖాతాలోని ఫోటోలు వాటంతట అవే ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. గ్రాండ్ కేన్యన్ వచ్చింది, స్నాతకోత్సవం వచ్చింది, ఆ వెంటనే తలస్నానం చేసి తుండు చుట్టుకున్న ఒక అమ్మాయి వచ్చింది. అతను పులిహోర చేతితోనే లేచి ప్లగ్గు పీకేశాడు. భార్య వాట్సాప్‌లో పంపిన ఫోటో గ్యాలరీలోకి, గ్యాలరీలోంచి క్లౌడ్‌లోకి, అక్కణ్నుంచి టీవీకి ఎవరూ ఏ మీటా నొక్కకుండానే చేరిపోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పావా అని తర్వాతెప్పుడో అడిగితే, చెప్పలేదన్నాడు. చెప్పి ఉండాల్సింది.

కాబట్టి ముందుగా వాట్సాప్ సెట్టింగ్స్‌లో వచ్చిన ఫోటోలు గ్యాలరీలో చేరకుండా ఆపండి. ఆండ్రాయిడ్‌లో దాన్నే మీడియా విజిబిలిటీ అంటారు. చాట్ బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే వీలు 2021 నుంచి ఉన్నా, మనం ఆన్ చేస్తే తప్ప అది పనిచేయదు. ఒకసారి చూడగానే మాయమయ్యే 'వ్యూ వన్స్' మంచిదే గానీ, పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫోటో తీస్తే దాన్ని ఏ యాప్ కూడా ఆపలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరవవద్దు. అది కంపెనీ సొత్తు, అందులో ఏం జరుగుతోందో చూసుకునే అధికారం వాళ్లకు ఉంటుంది. కారు బ్లూటూత్ సందేశాన్ని పైకి చదివి వినిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి, ముఖ్యంగా వెనక సీట్లో మామగారు కూర్చున్నప్పుడు.

మగపిల్లలకు తట్టని సంగతి ఒకటుంది. ఇక్కడ మీ గదికి తలుపుంది, ఫోన్‌కు తాళం ఉంది. అక్కడ ఆ అమ్మాయి ఫోన్ ఆడపడుచు పాటలు వినడానికి తీసుకుంటుంది, అత్తగారు వీడియో కాల్ అందుకుంటారు, లాక్ నంబరు అడిగితే చెప్పకపోవడం తప్పవుతుంది. మీకు రాత్రి పదకొండైతే అక్కడ పొద్దున్న, వంటింట్లో అందరూ ఉండే వేళ. అందుకని ఏదైనా పంపే ముందు, ఫోన్ చేతిలోనే ఉందా, ఒంటరిగానే ఉన్నావా అని అడగండి. మీరు ఫోటో అడిగినప్పుడు ఆమె వద్దంటే అక్కడితో ఆపేయండి. "మొగుణ్నే కదా" అన్న మాట అడగడానికి సరిపోతుందేమో గానీ, బలవంతపెట్టడానికి సరిపోదు.

మీకు చూపించడానికి ఒప్పుకున్నంత మాత్రాన ఇంకొకరికి చూపించడానికి ఒప్పుకున్నట్టు కాదని చట్టం కూడా అంటుంది. అమెరికాలో 2025 మే 19న సంతకమైన టేక్ ఇట్ డౌన్ చట్టం ప్రకారం, పెద్దవారి ఆంతరంగిక చిత్రాలను వారి అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో పెడితే రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో వెబ్‌సైట్లు వాటిని తీసేయాలి. టెక్సస్‌లో అడగకుండా అశ్లీల చిత్రం పంపడం కూడా 2019 నుంచి నేరమే, 500 డాలర్ల దాకా జరిమానా. ఇండియాలో ఐటీ చట్టం కింద, అనుమతి లేకుండా ఆంతరంగిక చిత్రాలు తీసినా పంపినా 66ఇ సెక్షన్, లైంగిక చర్యల చిత్రాలు ఆన్‌లైన్‌లో పెట్టినా పంపినా 67ఎ సెక్షన్ ఉన్నాయి. వీటిలో 67ఎ కింద మొదటిసారికే ఐదేళ్ల జైలు, పది లక్షల జరిమానా దాకా వెళ్లవచ్చు.

వీసా ఆఫీసరు మన సందేశాలు చదువుతాడా అన్నది మరో భయం. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్1బి, హెచ్4 దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో ఉంచాలన్నారు. దానివల్ల కనిపించేవి మీ పోస్టులే, ఇద్దరి మధ్య చాట్‌లు కావు. ఎయిర్‌పోర్టులో మాత్రం అధికారులు ఫోన్ తెరిచి చూడవచ్చు. నెట్ ఆపేసి, ఫోన్‌లో ఉన్నంతవరకే చూడాలన్నది వాళ్ల నియమం. నేనైతే విమానం ఎక్కే ముందు అలాంటివి ఫోన్‌లో ఉంచుకోవద్దంటాను.

ఒంటరిగా ఉన్నవాళ్లకు ఇంకో వల ఉంది. ముక్కూ మొహం తెలియని అమ్మాయి వీడియో కాల్ చేస్తుంది, రెండు నిమిషాల్లో రికార్డింగు పంపి, మీ అమ్మానాన్నల పేర్లు చదివి, డబ్బు కట్టకపోతే అందరికీ పంపుతామంటారు. "పోలీసులకు చెబితే నీ వీసా పోతుంది" అన్నది వాళ్ల చేతిలోని పెద్ద ఆయుధం. అది అబద్ధం, మోసపోయి ఫిర్యాదు చేసినంత మాత్రాన ఎవరి వీసా రద్దు కాదు. డబ్బు కట్టకండి, ఒకసారి కడితే రెండోసారి అడుగుతారు. చాట్ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాత బ్లాక్ చేసి, ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైటులో ఫిర్యాదు నమోదు చేయండి. ఇంటివాళ్లు ఇండియాలో ఉంటే అక్కణ్నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఆ చిత్రం మీ ఫోన్ దాటకుండానే, దాని వేలిముద్ర లాంటి అంకెల గుర్తును మాత్రం తీసుకుని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివాటికి అందజేస్తుంది, అక్కడ ఎవరైనా ఎక్కించబోతే ఆగిపోతుంది. ఇవన్నీ చేయడానికి చేతులు వణుకుతుంటే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చేయండి. అసలేం జరిగిందని అడగకుండా పక్కన కూర్చుని ఆ ఫారం నింపించిన రాత్రులు నాకు కొత్త కావు.