డైరెక్టర్ల బోర్డుకు ఇష్టం లేకున్నా ఎవరైనా కంపెనీని కొనేయాలని చూస్తే, దాన్ని ఎలా ఆపుతారు?

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే ఆయుధం ‘పాయిజన్ పిల్’. 1982లో అమెరికన్ లాయర్ మార్టిన్ లిప్టన్ దీన్ని రూపొందించారు. కంపెనీకి 100 షేర్లున్నాయి, బోర్డు 15 శాతం దగ్గర గీత గీసింది అనుకుందాం. ఒకాయన మార్కెట్లో 15 కొనేశాడు. వెంటనే మిగతా 85 షేర్ల వాళ్లకు ఒక్కో షేరుకి ఇంకొకటి సగం ధరకే కొనే హక్కు వస్తుంది, ఆయనకు మాత్రం రాదు. అందరూ కొంటే షేర్లు 185 అవుతాయి, ఆయన వాటా 15 నుంచి సుమారు 8 శాతానికి పడిపోతుంది. డబ్బు పోసిన కొద్దీ నష్టమే కాబట్టి ఆ గీత ఎవరూ దాటరు, బోర్డుతో మాట్లాడుకోవాల్సిందే. 2022 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్‌ని నిలువరించడానికి ట్విట్టర్ పెట్టింది ఇదే, 15 శాతం గీతతో. అయినా పది రోజుల్లోనే షేరుకు 54.20 డాలర్లకు అమ్మడానికి బోర్డు ఒప్పుకుంది. అంటే పిల్ అమ్మకాన్ని ఆపదు, బేరానికి సమయం ఇస్తుంది.

బోర్డుని ఒకేసారి మార్చేయకుండా డైరెక్టర్లలో ఏటా మూడో వంతు మందికే ఎన్నిక పెట్టడం, నచ్చిన కొనుగోలుదారుని ‘వైట్ నైట్’గా తెచ్చుకోవడం, వ్యవస్థాపకుల షేర్లకు ఎక్కువ ఓట్లివ్వడం కూడా ఉన్నాయి. చివరిది నాకు నచ్చదు. పనితీరు బాగోలేని యాజమాన్యాన్ని కూడా అది కదిలించనివ్వదు.